గమకం పలికే ఎలక్ట్రిక్ గిటార్ కావాలి: బిగినర్ గిటార్ నుంచి మారుతున్నా, బడ్జెట్ 36 వేలు

బ్రాడీపేట_ఆరుతీగలు (గుంటూరు)
శనివారం, రాత్రి 10:50

అందరికీ నమస్తే. ఈ నెల మా అమ్మ చీటీ పాడి 36 వేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఐదేళ్ల నుంచి ఆ గిటార్‌తోనే కుస్తీ పడుతున్నావు, మంచిది కొనుక్కో" అంది. ఆ డబ్బు ఎలా కూడిందో నాకు తెలుసు కాబట్టి ఒక్క రూపాయి కూడా తప్పు దారిలో పోకూడదని ఉంది. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదివి చెప్పండి.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తా. రోజంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అన్నదే పని. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగాకే గిటార్ ముట్టుకుంటా. ఆదివారం మా సంఘంలో ఆరాధనకి వాయిస్తా. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్యాక్ నాది. స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్) ఆకారంలో ఉన్న గిటారు, 10 వాట్ల యాంపు, బెల్టు, కేబులు అన్నీ కలిపి వచ్చాయి. నేర్చుకోవడానికి బాగానే పనికొచ్చింది.

ఇప్పుడు వచ్చిన చిక్కు కీర్తనలతో. కొత్త పాటలకి కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) పట్టుకుంటే సరిపోతుంది. పాత కీర్తనలు అలా కాదు. పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం రాసి ఉంటాయి కదా, ఆ రాగం రావాలంటే గమకం, అంటే స్వరాన్ని ఊగించడం, జార్చడం, పలకాలి. మా క్వయర్‌లో హార్మోనియం వాయించే తాతగారు ఒకరున్నారు. ఆనందభైరవి కీర్తన ఒకటి వాయిస్తుంటే ఆపి, "అబ్బాయ్, స్వరం మీద నిలబడుతున్నావు, స్వరంలోకి జారట్లేదు" అన్నారు. హార్మోనియం మీద ఆయన చెయ్యలేనిది నా తీగ మీద వీలవుతుందని ఆయనకి ఆశ. ఆ మాట పట్టుకుని ఆరు నెలలుగా తీగ లాగి వాయించడం సాధన చేస్తున్నా.

లాగితే ఏమవుతుందో చెప్తా. 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దాటాక మొదటి తీగని పైకి నెడితే సగం దూరంలోనే స్వరం టక్కున ఆగిపోతోంది. మూడో తీగ, అదే జి, నాలుగు గమకాలకే శ్రుతి దిగిపోతోంది. సరిచేద్దామని కీ తిప్పితే వెంటనే కదలదు, తర్వాత 'టిక్' అని చప్పుడు చేసి ఒక్కసారిగా పైకి పోతుంది. ఇంకొకటి ఉంది, ఇది ఎవరికైనా చెప్పాలన్నా మొహమాటంగానే ఉంది. ఆరు శ్రుతిలో పాడేటప్పుడు ఐదో తీగ ఎ ఖాళీగా మోగిస్తూ పైన గమకం వేస్తా. తీగ లాగిన ప్రతిసారీ ఆ శ్రుతి తీగ కూడా కిందికి జారినట్టు వినిపిస్తుంది. నా చెవిదే తప్పనుకుంటున్నా.

ఇవి కాక వేసవి వచ్చిందంటే మెడ పక్కన ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి, చూపుడు వేలి పక్కన గీరుకుంటుంది. చర్చిలో మిక్సర్‌కి పెడితే దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది, పైగా గుయ్ మని హమ్.

నేను చూసినవి మూడు. యమహా పసిఫికా 112వి, స్క్వయర్ క్లాసిక్ వైబ్ 60ల స్ట్రాట్, ఎపిఫోన్ లెస్ పాల్. కొన్ని బడ్జెట్‌కి అటూ ఇటూగా ఉన్నాయి, అవసరమైతే రెండు నెలలు ఆగుతా. ఒక ఫ్రెండ్ మాత్రం ఫ్లాయిడ్ రోజ్ (తీగల్ని తాళం వేసినట్టు పట్టే ఒక రకం బ్రిడ్జి) ఉన్నది తీసుకో, శ్రుతి అసలు పోదు అంటున్నాడు. పోయిన వారం విజయవాడలో ఒక షాపుకి వెళ్తే మెడకి చుట్టిన ప్లాస్టిక్ కూడా తియ్యకుండా వాయించి చూసుకోమన్నారు. అలా ఏం తెలుస్తుంది? ఏది తీసుకోమంటారు?

గుణదల_సౌండ్ (విజయవాడ)
శనివారం, రాత్రి 11:35

తమ్ముడూ, గిటార్ల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. చివర రాసిన దుప్పటి, హమ్, ఆ రెండూ నా పని.

దుప్పటి కప్పినట్టు ఉండటం నీ గిటార్ తప్పు కాదు. నువ్వు కేబుల్ తీసుకెళ్లి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చుతున్నావు, అవునా? గిటార్ పికప్‌కి (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఎదురుగా దాదాపు 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉండాలి. గిటార్ యాంపుల్లో అంతే ఉంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో 10 వేలో 20 వేలో ఉంటుంది. ఆ బరువుకి పికప్ వంగిపోయి పై స్వరాల మెరుపంతా పోతుంది. లక్ష పెట్టి గిటార్ కొన్నా అలా గుచ్చితే అదే దుప్పటి. మధ్యలో యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టు. లేదంటే స్పీకర్ సిమ్యులేషన్ (గిటార్ యాంపు స్పీకర్‌లోంచి వచ్చినట్టు శబ్దాన్ని మార్చడం) ఉన్న చిన్న ప్రాసెసర్ అయినా సరే. అన్నీ గిటార్ మీదే ఖర్చు పెట్టెయ్యకుండా దీనికి కొంత పక్కన ఉంచు.

హమ్‌కి ఒక పరీక్ష ఉంది. గిటార్ మెళ్లో వేసుకుని ఉన్నచోటే మెల్లగా చుట్టూ తిరుగు. కొన్ని దిక్కుల్లో తగ్గి కొన్ని దిక్కుల్లో పెరిగితే అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ గాల్లోంచి పడుతున్న కరెంటు చప్పుడు. మన దగ్గర 50 హెర్ట్జ్, దానికి పాత ట్యూబ్‌లైట్ చోకులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు తోడవుతాయి. హంబకర్ రకం పికప్ అయితే అది చాలావరకు పోతుంది, రెండు కాయిళ్లు ఎదురెదురుగా చుట్టి ఒకదాని హమ్ ఇంకోటి కొట్టేసేలా చేస్తారు. ఎటు తిరిగినా ఒకేలా ఉంటే మాత్రం ఎర్తింగ్ చూపించాలి.

ఇది గట్టిగా చెప్తున్నా. పాడేటప్పుడు మైక్‌కి పెదవి తగిలితే జివ్వుమంటోందా? అలా ఉంటే ఆ రోజే వాయించడం ఆపెయ్. గిటార్ తీగలు నీ చేతికి, మైక్ నీ నోటికి, మధ్యలో నువ్వు. మిక్సరూ యాంపూ ఒకే బోర్డులో పెట్టండి, ఆ బోర్డుకి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో టెస్ట్ చేయించండి. హమ్ పోతుందని ప్లగ్గులో మూడోది, అంటే ఎర్త్ పిన్ను విరిచేసే వాళ్లని చాలా చర్చిల్లో చూశా. దయచేసి ఎవరినీ ఆ పని చెయ్యనివ్వొద్దు.

సత్యనారాయణపురం_తీగలు (విజయవాడ)
ఆదివారం, ఉదయం 6:20

బాబూ, నీ పోస్టు రాత్రే చదివాను. తీరిగ్గా రాద్దామని ఆగాను. 1980ల్లో, 90ల్లో ఆర్కెస్ట్రాలలో గిటార్ వాయించినవాణ్ణి. ఇంట్లో మా అమ్మగారి వీణ ఉండేది, కాబట్టి నువ్వు పడుతున్న తపన నాకు బాగా తెలుసు.

ముందు నీ చెవి సంగతి. నీ చెవి చాలా మంచిది. శ్రుతి తీగ నిజంగానే జారుతోంది. నీ గిటార్‌కి ఉన్నది స్ప్రింగుల మీద తేలే ట్రెమలో బ్రిడ్జి (తీగల కింది కొసలు పట్టుకునే, కదిలే భాగం). ఒక పక్క తీగల లాగుడు, వెనక పక్క స్ప్రింగుల లాగుడు, రెండూ త్రాసులా సరితూగి నిలబడి ఉంటాయి. నువ్వు ఒక తీగ లాగి బిగువు పెంచగానే బ్రిడ్జి ముందుకి ఒరుగుతుంది, మిగతా అయిదు తీగలూ వదులవుతాయి, శ్రుతి తీగతో సహా. ఒక్క తీగ మీద సోలో వాయించేవాడికి ఇది తెలియను కూడా తెలియదు. శ్రుతి మోగిస్తూ గమకం వేసేవాడికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఫ్లాయిడ్ రోజ్ కూడా తేలే రకమే. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర తాళం వేస్తుంది గనక తిరిగి వచ్చాక శ్రుతి నిలుస్తుంది, కానీ తీగ లాగినప్పుడు శ్రుతి జారడం అలాగే ఉంటుంది. మీ ఫ్రెండు చెప్పింది అబద్ధం కాదు, నీ సంగీతానికి మాత్రం అది మందు కాదు.

దీనికి మందు రూపాయి ఖర్చు లేకుండా నీ దగ్గరే ఉంది. గిటార్ వెనక మూత తీస్తే స్ప్రింగులు పట్టుకున్న ఇనప పలకకి రెండు పెద్ద మరలు కనిపిస్తాయి. తీగలు కాస్త వదులు చేసి, ఆ మరలు సమానంగా బిగిస్తూ రా. బ్రిడ్జి చెక్కకి ఆనుకుని గట్టిగా కూర్చున్నాక మళ్లీ శ్రుతి చేసుకో. ఇప్పుడు ఎంత లాగినా అది లేవకూడదు, లేస్తే ఇంకో స్ప్రింగు తగిలించు.

రెండోది ఆ 'టిక్' చప్పుడు. తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. కీల తప్పు కాదు. 2బి పెన్సిలు చెక్కి, తీగ పక్కకి తీసి, గాడిలో ఆ నల్లపొడి బాగా రుద్దు. అయినా పట్టేస్తే గాడి ఇరుకుగా ఉన్నట్టు. దానికి సన్నని ఆకురాయి ఉన్నవాడి చేత వెడల్పు చేయించు, నువ్వు చెయ్యకు. లోతు కాస్త ఎక్కువైనా నట్ పాడైపోతుంది.

ఇక అసలు ప్రశ్న. వీణకి 24 మెట్లుంటాయి, మైనం మీద కూర్చోబెడతారు. ఆ మెట్లు ఎత్తుగా ఉండబట్టే తీగని పక్కకి లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికిస్తాం. గిటార్‌లో ఆ పని చెయ్యాలంటే మూడు విషయాలు చూడాలి. మెట్ల ఎత్తు, మెడ వంపు, బ్రిడ్జి కదలకపోవడం. పేరూ రంగూ వీటి తర్వాతే.

మెడ వంపు అంటే, ఫ్రెట్ బోర్డుని అడ్డంగా చూస్తే కొంచెం గుండ్రంగా ఉంటుంది కదా, అది. 1954లో వచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్ల వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలు, బాగా గుండ్రం. కార్డు పట్టుకుంటే అరచేతికి హాయి. మొదటి తీగని మధ్యకి నెడితే మాత్రం అది గుట్ట ఎక్కినట్టు అవతలి మెట్టుకి తగిలి ఆగిపోతుంది. నువ్వు రాసిన 'టక్కున ఆగిపోవడం' ఇదే. క్లాసిక్ వైబ్‌ది 9.5, లెస్ పాల్‌ది 12, పసిఫికా 112విది 13.75. అంకె పెరిగేకొద్దీ బల్లపరుపు. నీ గమకానికి బల్లపరుపు కావాలి. వీణ మెట్లయితే అసలు వంపే లేకుండా తిన్నగా ఉంటాయి.

ఒకటి మాత్రం చూసుకో. నీ పాతదాంట్లో ఏదో ఒక ఫ్రెట్ ఎత్తు ఎక్కువై కూడా స్వరం ఆగుతుండవచ్చు. ఏటీఎం కార్డు పొడుగు అంచు మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఊపు. టకటకమని ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. పైదాకా వచ్చేసరికి మూడు ఫ్రెట్ల మీద అంచు పెద్దదైపోతుంది, అక్కడ కార్డు పొట్టి అంచు వాడు, అదీ పెద్దదైతే మూడు ఫ్రెట్లకే సరిపడేలా పాత కార్డు ముక్క కత్తిరించుకో.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకో. మాండొలిన్‌కి ఎనిమిది తీగలు జంటలుగా ఉంటాయి. జంట తీగ మీద గమకం పలకదని ఆయన అయిదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడారు. సంగీతాన్ని వాయిద్యానికి తగ్గించలేదు, వాయిద్యాన్నే సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నారు. నువ్వు గిటార్ ఎంచుకునేటప్పుడు కూడా మీ తాతగారన్న మాట మనసులో పెట్టుకుని ఎంచుకో.

నీ మూడింట్లో నా ఓటు పసిఫికా 112వికే. బల్లపరుపు మెడ, బ్రిడ్జి పక్కన హంబకర్ ఉంది కాబట్టి చర్చిలో హమ్ తగ్గుతుంది, టోన్ నాబ్ పైకి లాగితే అదే సింగిల్ కాయిల్‌లా పలుకుతుంది. దాని ట్రెమలో కూడా నేను చెప్పినట్టు చెక్కకి ఆనించేసుకో. టెలికాస్టర్ రకం దొరికినా మంచిదే, దాని బ్రిడ్జి మొదటినుంచీ కదలనిదే.

షాపులో ప్లాస్టిక్ తియ్యనివ్వకపోతే ఇంకో షాపు చూసుకో. తీసిచ్చిన చోట యాంపు పెట్టకముందే అయిదు నిమిషాలు ఉత్తగా వాయించు. మొదటి తీగ 12 నుంచి 20 దాకా ప్రతి ఫ్రెట్ మీద రెండు స్వరస్థానాలు లాగి చూడు, ఎక్కడా ఆగకూడదు. మెడ అంచు మీద అరచెయ్యి పెట్టి కిందిదాకా జార్చు, గీరుకోకూడదు. వేసవి వడగాలికి చెక్క ఎండి కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు, అందుకే కొసలు బయటికొస్తాయి. అదే మోడల్ రెండు మూడుంటే అన్నీ వాయించు. ఒకే పేరున్న రెండు గిటార్లు ఒకేలా ఉండవు.

తెనాలి_వయొలిన్
ఆదివారం, మధ్యాహ్నం 3:10

మాస్టారు చెప్పినవాటికి ఒకటి కలుపుతానండి, ఒకదాంతో విభేదిస్తాను. నేను పదేళ్లు వయొలిన్ నేర్చుకుని గిటార్‌కి వచ్చాను, నా దగ్గర ఎపిఫోన్ లెస్ పాలే ఉంది.

లెస్ పాల్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. దాని తీగ పొడవు 24.75 అంగుళాలు, స్ట్రాట్, పసిఫికాలది 25.5. పొడవు తగ్గితే అదే తీగ అదే శ్రుతిలో కాస్త వదులుగా ఉంటుంది, లాగడం తేలిక. బ్రిడ్జి కదలదు. రెండు పికప్‌లూ హంబకర్లే. ఆనందభైరవిలో గాంధారం దగ్గర మెల్లగా ఊగించాలంటే నా వేలికి అదే హాయిగా ఉంది.

ఇబ్బందులు కూడా చెప్పాలిగా. గిటార్ తల (కీలుండే భాగం) వెనక్కి వంగి ఉండటం వల్ల మూడో తీగ నట్ దగ్గర మెలి తిరిగి పట్టేస్తుంది. మీరు ఇప్పుడు పడుతున్న జి తీగ బాధే అది, పెన్సిల్ పొడి నాకూ తప్పలేదు. బరువు ఇంకోటి. రెండు గంటల ఆరాధన నిలబడి వాయిస్తే మర్నాడు ఎడమ భుజం లేవదు. వెడల్పు బెల్టు కొన్నాక కొంచెం నయం.

పసిఫికానే తీసుకుంటే 9-42 తీగలు (సన్నరకం సెట్టు) వెయ్యండి. పొడవు తేడా దాదాపు అక్కడ సరిపోతుంది. ఒకటి మాత్రం చూసుకోండి. సన్నతీగల మీద వేలు గట్టిగా నొక్కితే స్వరం దానంతటదే పెరిగిపోతుంది. వయొలిన్ మీద ఎంత తేలిగ్గా నొక్కుతామో అంతే నొక్కాలి.

బ్రాడీపేట_ఆరుతీగలు (గుంటూరు)
పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 9:40

అందరికీ పేరుపేరునా దండాలు. ఏం జరిగిందో వరసగా చెప్తా.

మొదటి ఆదివారం మధ్యాహ్నమే పాత గిటార్ మంచం మీద బోర్లా పెట్టి వెనక మూత తీశా. ఐదేళ్లలో ఒక్కసారీ తియ్యలేదు. మూడు స్ప్రింగులున్నాయి. మరలు బిగించి బ్రిడ్జిని చెక్కకి ఆనించా, పెన్సిల్ పొడి రుద్దా, 9-42 తీగలు వేశా. తర్వాత ఎ తీగ ఖాళీగా మోగిస్తూ జి మీద గమకం వేశా. మాస్టారూ, శ్రుతి కదల్లేదు. రాయిలా నిలబడింది. నాది చెవి తప్పు కాదని తెలిసిన ఆ నిమిషంలో నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆరు నెలలుగా లేని దోషాన్ని దిద్దుకుంటూ కూర్చున్నానన్నమాట. 'టిక్' కూడా పోయింది.

12 దాటాక స్వరం ఆగడం మాత్రం పోలేదు. కార్డు పెట్టి చూస్తే 14వ ఫ్రెట్ దగ్గర టకటకమంది, 17 దగ్గర కూడా. దాన్ని సమం చేయించడానికి పెట్టే డబ్బు ఆ గిటార్‌కి దండగ అనిపించింది. కొత్తది తీసుకోవాలని అక్కడ ఖాయమైంది.

శనివారం సెలవు పెట్టి విజయవాడ వెళ్లా. ఈసారి వేరే షాపు. అడగ్గానే ప్లాస్టిక్ విప్పి, స్టూల్ వేసి కూర్చోబెట్టారు. పసిఫికా 112వి రెండున్నాయి, ఒకటి నలుపు, ఒకటి సన్‌బర్స్ట్. నాకు సన్‌బర్స్ట్ మీద మనసు. యాంపు లేకుండా రెండూ వాయించా. సన్‌బర్స్ట్‌ది 15వ ఫ్రెట్ మీద లాగితే చివర్లో సన్నగా జరజరమంది. నల్లదాని మీద 20 దాకా ఎక్కడా ఆగలేదు, అరచెయ్యి జారిస్తే మెడ నున్నగా గాజులా ఉంది. నల్లదే తెచ్చుకున్నా. లెస్ పాల్ కూడా భుజాన వేసుకుని చూశానండీ తెనాలి గారూ, మీరు చెప్పిన హాయి నిజమే, బరువు కూడా నిజమే. టిక్కీల మధ్య నిలబడి నిలబడి నా నడుము ఇప్పటికే అంతంతమాత్రంగా ఉంది, అందుకే వదిలేశా.

డీఐ బాక్సు, మంచి కేబులు, రెండు సెట్ల తీగలు కలుపుకుంటే చీటీ డబ్బు సరిగ్గా సరిపోయింది. డీఐ పెట్టాక మిక్సర్ దగ్గర కూర్చునే తమ్ముడు హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు, గిటార్ మార్చింది ఇందుకా అని. పాత గిటార్ కూడా డీఐలో పెట్టి వినిపించా, అదీ బాగానే మోగింది. గుణదల అన్నయ్యా, నువ్వు చెప్పింది వాడికి కూడా చూపించా.

నిన్నటి ప్రాక్టీసులో ఆనందభైరవి కీర్తన పల్లవి వాయించా. తాతగారు హార్మోనియం ఆపేసి విన్నారు, అనుపల్లవి దగ్గర మళ్లీ అందుకున్నారు. తర్వాత, "గాంధారం ఇంకా తొందరపడుతున్నావు, దాన్ని కాసేపు ఊగనివ్వు" అన్నారు. తెనాలి గారూ, ఆ గాంధారం మీరు ఏ వేలితో, ఏ ఫ్రెట్ మీద నుంచి లాగుతారో చెప్పగలరా? నేను రిషభం మీద ఉంగరపు వేలు పెట్టి లాగుతున్నా.

ఎర్తింగ్ చూడటానికి ఎలక్ట్రీషియన్‌ని గురువారం రమ్మన్నాం. మైక్ జివ్వుమంటోందని అడిగితే క్వయర్‌లో ముగ్గురు చేతులెత్తారు, ఇన్నాళ్లూ ఎవరూ పైకి చెప్పలేదు. అది బాగయ్యేదాకా పాడేవాళ్ల మైకులన్నీ ఆపించాం. నేను కూడా యాంపుకి పెట్టకుండా ఉత్త గిటారే వాయిస్తున్నా.